ఆరుద్ర వానలను నమ్ముకున్న తీగ: మిరియం పుట్టుక, ఉపయోగాలు, సాగు

ఆరుద్ర కార్తె ప్రవేశించిందంటే తెలుగు రైతు విత్తనాల పని చూసుకుంటాడు. సరిగ్గా అవే రోజుల్లో కేరళ రైతు మిరియాల తీగలు నాటడానికి సిద్ధమవుతాడు. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాల కాలాన్ని, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి జూలై మొదటి వారం వరకు సాగే రోజులను, మలయాళంలో ‘తిరువాతిర ఞాట్టువేల’ అంటారు. మన కార్తెలూ వారి ఞాట్టువేలలూ ఒకే లెక్కకు చెందినవే. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచి, వానను బట్టి పనిని నిర్ణయించే పద్ధతి ఇది.

ఈ కార్తె గురించి కేరళలో ఒక కథ చెప్పుకొంటారు. పోర్చుగీసు వర్తకులు మిరియాల తీగలను తమ దేశానికి పట్టుకుపోతున్నారని తెలిసి కోళిక్కోడ్ రాజు జామోరిన్ కొలువులో కలవరం రేగిందట. అప్పుడు మంత్రి, ‘తీగలను తీసుకుపోగలరు గాని, మన తిరువాతిర ఞాట్టువేలను తీసుకుపోలేరు కదా’ అని ధైర్యం చెప్పాడట. ఇది జనశ్రుతి మాత్రమే. పోర్చుగీసులు రాకముందే జావా, సుమత్రా దీవుల్లో మిరియం సాగులో ఉంది. అయినా ఆ మాటలో ఒక వ్యవసాయ సత్యం ఉంది. మిరియం పంట తీగ మీద ఎంత ఆధారపడుతుందో, వాన వచ్చే తీరు మీదా అంతే ఆధారపడుతుంది. నేడు ఆ వాన తీరే మారుతున్నందున మంత్రి ఇచ్చిన భరోసాను మళ్లీ పరిశీలించవలసి వస్తోంది.

మొక్క స్వరూపం

మిరియం శాస్త్రీయ నామం పైపర్ నైగ్రమ్. తమలపాకు తీగ, పిప్పలి కూడా ఇదే ప్రజాతికి చెందినవి. ఆకు ఆకారంలో, కణుపుల వద్ద వేళ్లు పుట్టించి చెట్టును పట్టుకునే తీరులో మిరియానికీ తమలపాకుకూ ఉన్న పోలిక చూడగానే తెలుస్తుంది. పడమటి కనుమల సతత హరిత వర్షారణ్యాలు దీని జన్మస్థానం. అక్కడ ఇది పెద్ద చెట్ల కాండాలను ఆసరా చేసుకొని, పైకొమ్మల నుంచి వడకట్టినట్టు దిగే వెలుతురులో పెరుగుతుంది. ఆకులు రాలి కుళ్లిన మెత్తని మట్టిలో దీని వేళ్లు లోతుకు పోకుండా పైపొరలోనే వ్యాపిస్తాయి. నీడ, తేమ, నీరు నిలవని వాలు నేల, ఆసరాకు చెట్టు అనే నాలుగూ దీని అవసరాలు. సాగులో రైతు చేసే ప్రయత్నమంతా ఈ నాలుగింటినీ తోటలో సమకూర్చడమే.

ఒక తీగలో మూడు రకాల కొమ్మలు ఉంటాయి. చెట్టును పట్టుకొని నిలువుగా ఎక్కేది ప్రధాన తీగ. దాని నుంచి పక్కలకు సాగేవి కాపు కొమ్మలు. కంకులు వీటి మీదే వస్తాయి. మొదలు నుంచి పుట్టి నేల మీద పాకేవి మూడో రకం. నారుకు ఎక్కువగా వాడేది ఈ పాకుడు తీగలనే.

అడవి మిరియంలో సాధారణంగా మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. సాగులోని రకాల్లో మాత్రం ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉండటం ఎక్కువ. ఇలాంటి తీగలు మరింత నమ్మకంగా కాస్తాయి గనుక, తరతరాల రైతులు వాటినే ఏరి, ముక్కలు కోసి, పెరట్లో నాటుకుంటూ వచ్చారు. కరిముండ, కొట్టనాడన్, నారాయక్కొడి, ఐంపిరియన్, కుదిరవాలి వంటి నాటు రకాలు ఆ ఎంపిక ఫలితాలే. వీటిని రూపొందించినది ఏ ప్రయోగశాలా కాదు.

పేరు చేసిన ప్రయాణం

మిరియం చరిత్రను భాషలు కూడా భద్రపరిచాయి. ఇంగ్లీషు ‘పెప్పర్’, లాటిన్ ‘పీపర్’, గ్రీకు ‘పెపెరి’ అనే మాటలన్నీ మన ‘పిప్పలి’ నుంచి వెళ్లినవే. పొడవాటి పిప్పలి పేరు పాశ్చాత్య దేశాలకు చేరి గుండ్రని మిరియానికి స్థిరపడింది. తెలుగులో దీనికి సాటి రాగల మార్పు మరొకటి జరిగింది. అమెరికా ఖండాల నుంచి కొత్త కారపు కాయ మన దేశానికి వచ్చినప్పుడు, అప్పటివరకు కారానికి ఆధారంగా ఉన్న మిరియం పేరునే దానికి పెట్టుకున్నాం. ‘మిరపకాయ’ అనే మాటలో ఉన్నది ఆ పాత మిరియమే. నేడు మిరప లేని తెలుగు వంటిల్లు ఊహకందదు గాని, పేరు రీత్యా అది మిరియానికి వారసురాలు.

వర్తక చరిత్రలోనూ మిరియం ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. క్రీస్తుపూర్వం 1213లో మరణించిన ఈజిప్టు రాజు రెండవ రామెసెస్ మమ్మీ ముక్కు రంధ్రాల్లో మిరియపు గింజలు కనిపించాయి. ఎర్ర సముద్ర తీరంలోని బెరెనికే రేవులో జరిపిన తవ్వకాల్లో, భారతదేశపు కుండలో భద్రపరచిన సుమారు 7.5 కిలోల మిరియాలు బయటపడ్డాయి. రోమన్ రచయిత ప్లినీ తన కాలపు ధరలను నమోదు చేస్తూ, పౌను నల్ల మిరియాలు 4 దీనారాలని, తెల్లవి 7 అని, పిప్పళ్లు 15 అని రాశాడు. క్రీ.శ. 408లో రోమ్‌ను ముట్టడించిన అలారిక్, వెనుదిరగడానికి కోరిన సొమ్ములో బంగారం, వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా ఉన్నాయి. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడ్ తీరానికి చేరడానికి కారణాల్లో ఈ గింజ ముఖ్యమైనది.

వానతో ముడిపడిన కాపు

మిరియానికి ఏటా సుమారు 2,000 మిల్లీమీటర్లు, అంతకు మించిన వర్షపాతం అనుకూలం. 10 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రతను ఇది తట్టుకుంటుంది. అయితే మొత్తం వాన ఎంత అన్నదాని కన్నా, అది ఎప్పుడు ఎలా పడింది అన్నదే కాపును నిర్ణయిస్తుంది.

వేసవి పొడి తరువాత, తొలకరిలో 20 రోజుల వ్యవధిలో సుమారు 70 మిల్లీమీటర్ల వాన పడితే చాలు, తీగలో కొత్త చిగుళ్లు, వాటితో పాటే కంకులు మొదలవుతాయి. ఆ తరువాత పూత నుంచి గింజ ముదిరే వరకు ఉన్న దాదాపు 16 వారాలు కీలకమైనవి. ఆ నడుమ కొద్ది రోజులు వాన ముఖం చాటేసినా దిగుబడి తగ్గుతుంది. రేకులు లేని అతి చిన్న పువ్వులు కంకి మీద వరుసగా విచ్చుకొంటాయి. కంకి కిందికి వేలాడుతుంది గనుక, సన్నని తుంపర పుప్పొడిని పై పువ్వుల నుంచి కింది పువ్వులకు చేరుస్తుంది. ఆగి ఆగి, విడవకుండా కురిసే ఆరుద్ర వాన ఈ పనికి సరిపోతుంది. ఒక్కసారిగా కుంభవృష్టి పడి, తరువాత నెల రోజులు ఎండ కాస్తే వర్షమాపకంలో లెక్క సరిపోవచ్చు గాని, కంకిలో గింజలు నిండవు.

నాటడం, పెంచడం

సారవంతమైన, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న, కొంచెం ఆమ్ల గుణం గల ఎర్ర నేలలు మిరియానికి మేలు. నీరు నిలిచే పల్లం పనికిరాదు. ఏటవాలు కొండ నేలల్లో, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలే దక్షిణపు వాలును వదిలి ఉత్తర, ఈశాన్య వాలులను ఎంచుకుంటారు.

నారు కోసం బాగా కాసే ఆరోగ్యమైన తీగలను ముందుగా గుర్తు పెట్టుకుంటారు. వాటి మొదలు నుంచి వచ్చే పాకుడు తీగలు నేలను తాకి వేళ్లు దిగకుండా చుట్టి, పాతిన గుంజకు కడతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాటిని కోసి, రెండు మూడు కణుపుల ముక్కలు చేసి, సంచుల్లో పెంచుతారు. వాన కాలానికి అవి నాటడానికి సిద్ధమవుతాయి.

ఊతానికి బాడిద, సిల్వర్ ఓక్, పనస వంటి చెట్లు వాడతారు. కొబ్బరి, పోక తోటల్లో ఆ చెట్లే ఊతం. మిరియమే ప్రధాన పంట అయితే చెట్ల మధ్య 3 మీటర్ల దూరం పాటిస్తారు. అలా హెక్టారుకు సుమారు 1,100 చెట్లు వస్తాయి. చెట్టుకు ఉత్తరం వైపు, మొదలుకు సుమారు 30 సెంటీమీటర్ల ఎడంగా గుంత తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి నారు నాటుతారు. ఉత్తరం వైపే ఎందుకంటే, లేత తీగకు కాండం నీడ దొరుకుతుంది. తీగ పెరిగే కొద్దీ దానిని చెట్టుకు వదులుగా కడుతూ ఎక్కిస్తారు. మొదట్లో ఆకులు, ఎండు గడ్డి కప్పి తేమను నిలుపుతారు. వానకు ముందు ఊతపు చెట్టు కొమ్మలు కొట్టి వెలుతురు వచ్చేలా చేస్తారు. వేసవిలో ఆ నీడనే కాపాడతారు.

మూడో, నాలుగో ఏట కాపు మొదలై ఏడెనిమిదేళ్లకు పూర్తి స్థాయికి చేరుతుంది. ఇరవయ్యేళ్లు దాటాక దిగుబడి తగ్గుతుంది.

పొలం లేనివారికీ ఒక మార్గం ఉంది. పక్కలకు సాగే కాపు కొమ్మను కోసి వేళ్లు తెప్పిస్తే, అది ఎగబాకదు. గుబురుగా పొదలా పెరుగుతుంది. పాక్షిక నీడ ఉన్న వరండాలో పెద్ద కుండీలో దీనిని పెంచుకోవచ్చు. ఇంటి అవసరాలకు సరిపడా గింజలు దొరుకుతాయి.

ఒకే కాయ, నాలుగు రూపాలు

పూత నుంచి కోతకు ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. మైదానాల్లో నవంబరు నుంచి జనవరి వరకు, ఎత్తు ప్రాంతాల్లో జనవరి నుంచి మార్చి వరకు కోత సాగుతుంది. కంకిలో ఒకటి రెండు గింజలు పసుపు, ఎరుపు రంగుకు తిరిగితే కోతకు వచ్చినట్టు లెక్క.

నల్ల మిరియం, తెల్ల మిరియం వేర్వేరు మొక్కలవని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ముదిరిన పచ్చి గింజలను ఒక నిమిషం పాటు మరిగే నీటిలో ముంచి, కొన్ని రోజులు ఎండబెడితే పైతొక్క నల్లబడి ముడతలు పడుతుంది. అదే నల్ల మిరియం. 100 కిలోల పచ్చి గింజలకు సుమారు 33 కిలోల ఎండు మిరియాలు వస్తాయి. తేమ 11 శాతానికి మించితే బూజు పడుతుంది. బాగా పండిన గింజలను వారం పది రోజులు పారే నీటిలో నానబెట్టి తొక్క తీసి ఎండబెడితే తెల్ల మిరియం తయారవుతుంది. లేత గింజలను ఉప్పు నీటిలో ఊరవేస్తే పచ్చ మిరియం. ఎండు మిరియాల నుంచి సుగంధ తైలాన్ని, కారపు సారాన్ని వేరు చేసి ఆహార పరిశ్రమకు పంపడం నాలుగో రూపం.

కొనేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. ఎండిన బొప్పాయి గింజలను మిరియాలలో కలపడం పాత మోసం. గ్లాసు నీటిలో వేసి చూస్తే నిండైన మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది.

వంటింట్లో, వైద్యంలో

మిరియపు ఘాటుకు కారణం పైపరిన్ అనే పదార్థం. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ 1819లో దీనిని వేరు చేశాడు. వాసన మాత్రం సుగంధ తైలం వల్ల వస్తుంది. అది త్వరగా ఆవిరైపోతుంది గనుక మిరియాలను అప్పటికప్పుడు దంచుకోవాలని పెద్దలు చెప్పే మాట శాస్త్రసమ్మతమే.

తెలుగు ఇళ్లలో మిరియాల చారు, కట్టె పొంగలి, జలుబు చేసినప్పుడు మిరియాల పాలు ఎరుగనివారు ఉండరు. ఆయుర్వేదంలోని త్రికటు చూర్ణం శొంఠి, పిప్పళ్లు, మిరియాల కలయిక. ఇతర ఔషధాలకు తోడుగా మిరియాన్ని చేర్చే ఈ సంప్రదాయానికి ఆధునిక పరిశోధనలో కొంత ఆధారం దొరికింది. పసుపులోని కర్క్యుమిన్ శరీరానికి అందే పరిమాణాన్ని పైపరిన్ పెంచుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో వెల్లడించారు. క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్‌కు పైపరిన్ జోడించి, తక్కువ మోతాదుతోనే పని జరిగేలా జమ్మూలోని జాతీయ పరిశోధన సంస్థ భాగస్వామ్యంతో ఒక మందును రూపొందించారు. ఇదే గుణం జాగ్రత్తకూ కారణం. పైపరిన్ కొన్ని మందుల ప్రభావాన్ని పెంచగలదు గనుక, వంటలో వేసుకునే మిరియాలతో ఇబ్బంది లేకపోయినా, మాత్రల రూపంలో పైపరిన్ తీసుకునేవారు వైద్యుని సలహా పొందాలి.

ప్రాణమిచ్చే వానే ప్రమాదం

మిరియాన్ని పూయించే వానే దానిని చంపే తెగులునూ తెస్తుంది. ఫైటోఫ్తొరా క్యాప్సిసీ అనే నీటిబూజు జాతి జీవి వల్ల మొదలు కుళ్లు తెగులు వస్తుంది. రైతులు దీనిని ‘క్విక్ విల్ట్’ అంటారు. ఆకుల మీద అంచులు చీలినట్టున్న నల్ల మచ్చలు కనిపిస్తాయి. తెగులు నేల వద్ద కాండాన్ని పట్టుకుంటే, నిన్నటిదాకా పచ్చగా ఉన్న తీగ రెండు మూడు వారాల్లో వాడి రాలిపోతుంది. వాన చినుకులు మట్టిని చిమ్మినప్పుడు ఇది ఒక తీగ నుంచి మరో తీగకు పాకుతుంది. కేరళలోని వయనాడ్‌లో మిరియం విస్తీర్ణం కుంచించుకుపోవడానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. వేళ్లను తొలిచే నులిపురుగుల వల్ల వచ్చే క్రమక్షయం మరో సమస్య. ఆ తెగులులో తీగ ఏళ్ల తరబడి క్షీణిస్తుంది.

తెగులు పట్టాక తీగను బతికించడం కష్టం. అందువల్ల నివారణే ప్రధానం. నీరు నిలవకుండా కాలువలు తీయడం, చచ్చిన తీగలను వేళ్లతో సహా తొలగించి కాల్చడం, నేలను తాకే ఆకులను కత్తిరించడం, తొలకరికి ముందు నీడ కొమ్మలు తీయడం మొదటి చర్యలు. తొలకరి జల్లుల తరువాత ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేస్తారు. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా వృద్ధి చేసి వేళ్ల దగ్గర వేస్తారు. బోర్డో మిశ్రమంలోని రాగి ట్రైకోడెర్మాకూ హాని చేస్తుంది గనుక, రెంటినీ ఒకేసారి నేలలో వాడరాదు.

ఒంటి పంట నేర్పిన పాఠం

మంత్రి చెప్పినట్టు వానను ఎవరూ పట్టుకుపోలేదు. కానీ తీగ మాత్రం అనేక దేశాల్లో స్థిరపడింది. ఒకప్పుడు ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న భారత్‌ను 2000 దశకం ఆరంభంలో వియత్నాం దాటిపోయింది. నిటారు స్తంభాల మీద దగ్గర దగ్గరగా తీగలు పెంచి, నీరు, ఎరువులు సమృద్ధిగా అందించి, హెక్టారుకు మన దిగుబడికి అనేక రెట్లు సాధించింది. మన దేశంలో మిరియం ఎక్కువగా కాఫీ, పోక, కొబ్బరి తోటల్లో అంతర పంట. ఇటీవలి సంవత్సరాల్లో కేరళను మించి కర్ణాటక ముందుకు రావడానికి కొడగు, చిక్కమగళూరు, హాసన్ ప్రాంతాల కాఫీ తోటలే కారణం. చౌక దిగుమతుల నుంచి రైతును కాపాడేందుకు కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో కిలోకు రూ.500 కనీస దిగుమతి ధర నిర్ణయించింది.

అధిక దిగుబడి వెంట అధిక ప్రమాదమూ వచ్చింది. 2010 దశకం చివరిలో వియత్నాం మధ్య పీఠభూమిలోని జా లాయ్ రాష్ట్రంలో తెగుళ్లతో తోటలు ఎండిపోయాయి. అదే సమయంలో ధర పడిపోవడంతో అప్పు చేసి నాటిన రైతులు చితికిపోయారు. అంతకు ముందే బ్రెజిల్‌లో ఇలాంటి అనుభవం ఎదురైంది. అమెజాన్ ప్రాంతంలోని తోమె అసూలో స్థిరపడిన జపాన్ వలసదారులు 1933లో సింగపూర్ నుంచి తెచ్చిన కొద్ది మొక్కలతో మిరియం సాగు మొదలుపెట్టి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత సంపన్నులయ్యారు. 1960 దశకంలో ఫ్యుజేరియం తెగులు ఆ తోటలను తుడిచిపెట్టింది. అప్పుడు వారు ఒంటి పంటను వదిలి కోకో, అసాయీ, కలప చెట్లతో కలిపి మిరియాన్ని పెంచే పద్ధతికి మారారు. అడవి పోలిక ఉన్న తోటే నిలబడుతుందని నష్టపోయాక తెలుసుకున్నారు.

తెలుగు నేల మీద

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు పండించే కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లే మిరియానికి ఊతం. అక్కడి వర్షపాతం పడమటి కనుమలంత కాదు. కానీ ఎత్తు వల్ల వచ్చే చల్లదనం, తోటల నీడ ఆ లోటును కొంత పూరిస్తాయి. కాఫీ ధర పడిన ఏడాది మిరియం, మిరియం తగ్గిన ఏడాది కాఫీ కుటుంబాన్ని ఆదుకొంటాయి. అయితే ఒకే జాతి నీడ చెట్టు మీద పూర్తిగా ఆధారపడటం కన్నా, పనస వంటి స్థానిక వృక్షాలను కలిపి పెంచడం నేలకూ తీగకూ మేలు చేస్తుంది.

అడవిలో ఉన్న బీమా

ప్రపంచంలోని మొదటి సంకర మిరియం రకంగా పేరొందిన పన్నియూర్-1, కేరళలోని కన్నూర్ జిల్లా పన్నియూర్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకొంది. దాని తల్లిదండ్రులు ఉదిరంకొట్ట, చెరియకణియక్కాడన్ అనే రెండు రకాలు. కోళిక్కోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్య పరిశోధన సంస్థ విడుదల చేసిన శ్రీకర, శుభకర రకాలు కరిముండ నుంచి ఎంపిక చేసినవే. మొదలు కుళ్లును తట్టుకునే తేవం, శక్తి రకాలూ, నులిపురుగులను తట్టుకునే పౌర్ణమి కూడా ఆ సంస్థ అందించినవే. కొత్త రకానికి కావలసిన గుణం ప్రతిసారీ ఏదో పెరట్లోనో, అడవి అంచునో ఉన్న పాత తీగలోనే దొరికింది.

దక్షిణ అమెరికాకు చెందిన పైపర్ కొలుబ్రినమ్ అనే బంధువు మొదలు కుళ్లునూ నులిపురుగులనూ తట్టుకుంటుంది. దాని మొదలు మీద మన మిరియాన్ని అంటుకట్టి వాడుతున్నారు. మన తీగ అమెజాన్‌కు వెళ్లగా, అక్కడి బంధువు మన తీగకు వేరుగా నిలిచింది.

అడవి మిరియం విత్తనం నుంచి పుడుతుంది గనుక ప్రతి మొక్కా జన్యుపరంగా వేరు. తోటలోని తీగలు ముక్కల నుంచి పెరిగినవి గనుక ఒక దానికి వచ్చిన తెగులు అన్నింటికీ రాగలదు. 1970, 80 దశకాల్లో సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ పథకాన్ని వ్యతిరేకించినవారు చూపిన కారణాల్లో, మిరియం, ఏలకి వంటి పంటల వన్య బంధువులు ఆ అడవిలో ఉన్నాయన్నది ఒకటి. ఆ పథకం ఆగింది. ఆ అడవి జాతీయ ఉద్యానవనం అయింది.

2018 ఆగస్టు వరదలు వయనాడ్, ఇడుక్కి జిల్లాల మిరియం తోటలను దెబ్బతీశాయి. ఆ తరువాత కూడా తొలకరి ఆలస్యం కావడం, కురిస్తే కుండపోత కావడం రైతులకు తరచూ ఎదురవుతోంది. ఆరుద్రలో పడవలసిన వాన పునర్వసుకు జరిగితే కార్తెల లెక్కతో నాటే రైతుకు దారి చూపేది రెండే: నీటిని పట్టి ఉంచే నీడ తోట, మారిన వానను తట్టుకునే కొత్త రకం. మొదటిది రైతు చేతిలో ఉంది. రెండోది ఇంకా ఎవరూ గుర్తించని ఏదో అడవి తీగలో ఉంది. ఆ అడవి మిగిలి ఉన్నంత కాలమే దానిని వెతకగలం.